వేడిని వృథా పోనియ్యని సంఘకాపరి
రెవరెండు రాబర్టు స్టర్లింగుగారి జీవితము

సంఘకాపరులలో కీర్తనలు వ్రాసినవారు కలరు, పాఠశాలలు పెట్టినవారు కలరు, నిఘంటువులు కూర్చినవారు కలరు. అయితే ఒక యంత్రమునకు తన పేరు మిగిల్చిపోయిన సంఘకాపరి బహు అరుదు. స్కాట్లండు దేశములో గాల్‌స్టను అను చిన్న ఊరిలో యాబది ఏండ్లకు పైగా ఒకే సంఘమును కాచిన రెవరెండు రాబర్టు స్టర్లింగుగారు అట్టివారు. ఆయన చనిపోయి నూట నలువది ఏండ్లు దాటినది. అయినను ఎండవేడిమితో విద్యుచ్ఛక్తిని పుట్టించుటకు పాటుపడు ఇంజనీర్లకు ఆయన పేరు నేటికిని నిత్యము నోట ఆడు పేరే.

రోహిణి కార్తెలో కొబ్బరిచెట్ల నీడన కూర్చుండియు చెమటలు కార్చు మన కోనసీమవారికి ఎండయొక్క బలమును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఎండను పనిలో పెట్టినప్పుడు దానిలో ఎంత భాగము మన చేతికి వచ్చును, ఎంత భాగము ఊరకయే గాలిలో కలిసిపోవును అనునదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు ఒక గొప్ప జవాబును ఈ గ్రామకాపరి తన ఇరువదియారవ యేట కనిపెట్టెను. కనిపెట్టినప్పుడు ఆయన మనస్సులో ఉన్నది ఎండ కాదు, బొగ్గు. అయినను వేడి ఎక్కడనుండి వచ్చినను దాని లెక్క ఒక్కటే.

రాబర్టు 1790వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన పెర్తుషైరులోని మెత్వెను గ్రామమునకు దగ్గర, క్లోగ్ అను పొలములో ఒక రైతు కుటుంబమున పుట్టెను. ఎనిమిదిమంది బిడ్డలలో ఆయన మూడవవాడు. తాతగారైన మైకేలు స్టర్లింగు ధాన్యము నూర్చు యంత్రమును చేసినవాడని ఆ ప్రాంతమున పేరుండెను. కళ్లములో పనలు పరచి పశువులచేత త్రొక్కించి నూర్చుకొనిన దినములు మన పెద్దలకు జ్ఞాపకముండును. మైకేలు అంతకు రెండు వందల యేండ్లకు ముందే ఆ పనికి చక్రములను కట్టినవాడు. కాబట్టి ఇనుము, చెక్క, పండ్ల చక్రములు ఆ యింటి పిల్లలకు క్రొత్తవి కావు.

1805లో రాబర్టు ఎడింబరో విశ్వవిద్యాలయములో చేరెను. తరువాత గ్లాస్గోలోను, మరల ఎడింబరోలోను దైవజ్ఞానమును చదివెను. చదువు విషయములో ఇంతకన్న చెప్పవలసినది లేదు. దైవసేవకు సిద్ధపడు యువకుడు ఆ కాలమున నడచిన త్రోవనే ఆయనయు నడచెను.

1816వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన కిల్మార్నకు పట్టణములోని లే కర్కు అను దేవాలయమునకు రెండవ కాపరిగా ఆయనకు అభిషేకము జరిగెను. ఆ నెల ముగియకముందే ఆయన మరియొక పని చేసెను. తాను కనిపెట్టిన ఒక యంత్రమునకు పేటెంటు హక్కు కోరుచు ఎడింబరోలో దరఖాస్తు పెట్టెను. ఒక చేతితో సంఘమును, మరియొక చేతితో యంత్రమును ఒకే నెలలో పట్టుకొనిన కాపరిని చూచి ఆ ఊరి పెద్దలు ఏమనుకొనిరో గాని, ఆయన మాత్రము జీవితాంతము రెండింటిలో దేనిని విడిచిపెట్టలేదు. ప్రత్యక్షగుడారపు పనికై బెసలేలును పేరుపెట్టి పిలిచి, బంగారము వెండి ఇత్తడి పనిచేయు నేర్పును దేవుడే అతనికి అనుగ్రహించెనని నిర్గమకాండము 31వ అధ్యాయములో చదువుకొను మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

ఈ యంత్రమును గూర్చి ఒక కథ చాల పుస్తకములలో కనబడును. ఆ కాలపు ఆవిరి బాయిలర్లు తరచుగా పగిలి పనివారు చనిపోవుచుండగా చూడలేక, బాయిలరు లేని యంత్రమును స్టర్లింగుగారు కనిపెట్టిరని ఆ కథ. బాయిలర్లు పగులుట నిజమే, మనుష్యులు చనిపోవుటయు నిజమే. అయితే ఆయన పేటెంటు శీర్షికను చూచినచో మొదట చెప్పబడినది ప్రాణరక్షణ కాదు, వంటచెరకు బొగ్గు మొదలగువాటి ఖర్చును తగ్గించుట. క్రొత్త యంత్రము ఆ తరువాతనే వచ్చును. నా మట్టుకు, ఆయన ఆలోచన పొదుపునుండియే మొదలైనదని తోచుచున్నది. ప్రాణరక్షణ దాని వెంబడి వచ్చిన మేలు. ఈ మేలు చిన్నదని దీని అర్థము కాదు.

ఇక ఆ పొదుపు ఎట్టిదో కొంచెము ఓపికతో చూతము. ఈ సంగతి తెలిసినచో తక్కినదంతయు తెలిసినట్లే.

మన ప్రాంతపు ఉప్పుడు బియ్యపు మిల్లులలో ఊకను కాల్చి నీటిని ఆవిరి చేయుట మీరు చూచియుందురు. ఆనాటి ఆవిరి యంత్రములలో కూడ పని ఇట్టిదే. ఆవిరి వచ్చి సిలిండరులోని పిస్టనును త్రోయును, పని అయిన తరువాత ఆ ఆవిరిని బయటకు విడిచిపెట్టుదురు, లేక చల్లార్చుదురు. దానితో కూడ వేడియంతయు పోవును. మరల క్రొత్త వేడి, క్రొత్త బొగ్గు. ఆ దినములలో చాల యంత్రములు బొగ్గులోని వేడిలో నూటికి అయిదు పాళ్లు కూడ పనిగా మార్చలేకపోయెను. తొంబదియైదు పాళ్లు పొగగొట్టమునకు, చల్లార్చు నీటికి ధారపోసినట్లే.

స్టర్లింగుగారు నీటిని, ఆవిరిని విడిచిపెట్టి, మామూలు గాలిని సిలిండరులో మూసిపెట్టిరి. సిలిండరుయొక్క ఒక కొన క్రింద నిప్పు. రెండవ కొన చల్లన. లోపల వదులుగా కదలు ఒక దిమ్మె గాలిని ఒకసారి వేడి కొనకు, ఒకసారి చల్లని కొనకు త్రోయుచుండును. వేడి కొనకు పోయినప్పుడు గాలి ఉబ్బి పిస్టనును ముందుకు నెట్టును. చల్లని కొనకు వచ్చినప్పుడు ముడుచుకొనును, పిస్టను వెనుకకు వచ్చును. లోపలి గాలి బయటకు పోదు, బయటి గాలి లోపలికి రాదు. అదే గాలి మరల మరల పని చేయును.

ఇంతవరకు మరి కొందరికి కూడ తోచియుండవచ్చును. ఆయనకు మాత్రమే తోచినది దీని తరువాతి సంగతి. వేడి గాలి చల్లని కొనకు పోవునప్పుడు దానిలోని వేడినంతయు చల్లని గోడలకు ఇచ్చివేయును. అది వ్యర్థము. మరల వేడి కొనకు పోయినప్పుడు దానిని మొదటినుండి కాచవలెను. అది రెండవ వ్యర్థము. ఈ నష్టము పోవలెనని ఆయన ఆ రెండు కొనల నడుమ, గాలి పోవు దారిలో, సన్నని లోహపు రేకులను తీగెలను చేర్చిపెట్టెను. వేడి గాలి ఆ సందులగుండ పోవుచు తన వేడిని ఆ తీగెలలో విడిచి, అవతలికి చేరునప్పటికి చల్లబడియుండును. తిరిగి వచ్చు చల్లని గాలి అదే దారిని వచ్చుచు, విడిచిపెట్టిన వేడిని మరల ఎత్తుకొని, నిప్పు దగ్గరకు చేరునప్పటికి చాలవరకు కాగియుండును. ఇక కొలిమి ఇవ్వవలసినది మిగిలిన కొంచెమే.

పుష్యమాసపు తెల్లవారుజామున పొలమునకు పోవు రైతు తువ్వాలును ముక్కునకు నోటికి చుట్టుకొనునుగదా. లోపలినుండి వచ్చు ఊపిరి ఆ గుడ్డను వెచ్చ చేయును. బయటినుండి పోవు చల్లని గాలి ఆ గుడ్డలోని వెచ్చదనమును పుచ్చుకొని లోనికి పోవును. ఆ తువ్వాలు స్వయముగా వేడిని పుట్టించుట లేదు. పోవు వేడిని పట్టి ఉంచి, వచ్చు గాలికి అప్పగించుచున్నది. స్టర్లింగుగారి తీగెల పెట్టె చేయు పని కచ్చితముగా ఇదే. దానికి ఆయన పొదుపు చేయునది అను అర్థమిచ్చు పేరు పెట్టెను. నేటి ఇంజనీర్లు దానిని రీజెనరేటరు అందురు. మంచి యంత్రములలో ఒక్కొక్క త్రిప్పునకు కొలిమి ఇచ్చు వేడికంటె కొన్ని రెట్లు అధికమైన వేడి ఈ పెట్టెలో చేరి, మరల బయటకు వచ్చుచుండును. యోహాను సువార్త 6వ అధ్యాయములో అయిదువేలమంది తృప్తిగా తినిన తరువాతను, మిగిలిన ముక్కలు నష్టము కాకుండ ఏరుమని ప్రభువు చెప్పిన సంగతిని ఆదివారము చదివి వినిపించిన కాపరి, సోమవారము ఇట్టి పెట్టెను చేసెననిన ఆ రెండింటికి పొత్తు లేదని ఎవరు చెప్పగలరు?

ఈ పెట్టెను చూచి, ఈయన ఏమియు లేనిదానిలోనుండి శక్తిని తీయగోరుచున్నాడని అనుమానించినవారు లేకపోలేదు. అది పొరబాటు. పెట్టె వేడిని పుట్టించదు, పోనియ్యదు, అంతే. వేడినుండి ఎంత పని రాబట్టవచ్చునను దానికి దేవుని సృష్టిలో ఒక హద్దు కలదు. ఆ హద్దును 1824లో ఫ్రాన్సు దేశీయుడైన సాది కార్నో అను యువకుడు మొదట చూపెను. యంత్రము ఎంత వేడియొద్ద పుచ్చుకొని ఎంత చల్లనియొద్ద విడుచునో ఆ రెండింటి నడుమ దూరమును బట్టి ఆ హద్దు ఏర్పడును. 227 డిగ్రీల వేడియొద్ద పుచ్చుకొని 27 డిగ్రీలయొద్ద విడుచు యంత్రము ఎంత చక్కగా చేసినను నూటికి 40 పాళ్లకు మించి ఇయ్యజాలదు. అదే యంత్రమునకు 627 డిగ్రీలు అందించినచో హద్దు 67 పాళ్లవరకు పోవును. ఇది కాగితముమీది హద్దు. నిజమైన యంత్రములు దానికి క్రిందనే ఆగును. స్టర్లింగుగారి పెట్టె యంత్రమును ఆ హద్దుకు దగ్గరగా తీసికొనిపోవు సాధనము. కార్నో లెక్క వ్రాయుటకు ఎనిమిదేండ్లకు ముందే ఒక గ్రామకాపరి చేతులు దానిని చేసిపెట్టినవి.

1818లో ఈ యంత్రము ఒకటి ఎయిర్‌షైరులోని ఒక రాతి గనిలో నీరు తోడుటకు పెట్టబడెను. కొంతకాలము బాగుగా పనిచేసినది. పిమ్మట వేడి కొన మితిమీరి కాగి, ఇనుము తాళలేక చెడిపోయెను. ఈ సంగతిని చదువరులు మనస్సునందుంచుకొనవలెను, ఏలయనగా ఆయన జీవితమంతయు ఇదే శత్రువు ఆయనను వెంబడించెను. వేడి ఎంత హెచ్చిన అంత లాభమని లెక్క చెప్పును. అంత వేడికి ఓర్చు లోహము లేదని కొలిమి చెప్పును.

కిల్మార్నకులో తామసు మోర్టను అను నేర్పరి ఆయనకు స్నేహితుడై పనిచేసికొనుటకు చోటిచ్చెను. మోర్టను దుర్భిణులు చేయువాడు. ఆయనయొద్ద స్టర్లింగుగారు కటకములు అరగదీయుట నేర్చుకొని, తరువాతి కాలమున తానే దుర్భిణులు మొదలగు సాధనములు చేసెను. 1819లో జీన్ రాంకిను అను ఆమెను పెండ్లిచేసికొనెను. వారికి ఏడుగురు బిడ్డలు, అయిదుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

1824లో ఆయన దగ్గరలోనే ఉన్న గాల్‌స్టను సంఘమునకు వచ్చెను. ఆ లోయలో ఇంటింట మగ్గములుండెను, నేలక్రింద బొగ్గు గనులుండెను. మన బండారులంక వీధులలో మగ్గపు చప్పుడు వినినవారికి ఆ ఊరిని ఊహించుకొనుట కష్టము కాదు. నేతపనివారు, గని కూలీలు, చుట్టుప్రక్కల రైతులు ఆయన సంఘము. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు, రోగుల పరామర్శ, ప్రతి ఆదివారము ప్రసంగము. ఈ పనికి విరామము లేదు. కాపరి భార్యలకు, కాపరి బిడ్డలకు ఇది తెలియును. ఇంత పనిలో మిగిలిన గంటలే ఆయన యంత్రమునకు దొరికినవి. పెద్ద జీతమునకు ఏ కర్మాగారమునకో పోయినచో మంచిదికాదా అని ఈ దినములలో అడుగువారుందురు. ఆయన పోలేదు. 1840లో సెయింట్ ఆండ్రూసు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవార్థము డాక్టరు ఆఫ్ డివినిటీ పట్టమిచ్చెను.

కర్మాగారపు పని ఆయన తమ్ముడు జేమ్సుకు పడినది. జేమ్సు ఇంజనీరు, డండీ పట్టణములోని ఇనుప ఫౌండ్రీకి మేనేజరు. అన్నదమ్ములిద్దరును కలిసి 1827లోను 1840లోను క్రొత్త పేటెంట్లు తీసికొనిరి. లోపలి గాలిని ముందుగానే అదిమి పెట్టినచో అదే పరిమాణపు యంత్రము ఎక్కువ బలమిచ్చునని వారు కనుగొనిన సంగతులలో ముఖ్యమైనది. 1843లో డండీ ఫౌండ్రీలోని ఆవిరి యంత్రమును మార్చి గాలి యంత్రముగా చేసిరి. అక్కడి పనిముట్లన్నియు దానితోనే నడచెను. మునుపటికంటె బొగ్గు చాల తక్కువ పట్టెను.

అదే 1843లో స్కాట్లండు సంఘము రెండుగా చీలెను. కాపరులను నియమించు అధికారము జమీందారులదా, సంఘముదా అను వివాదముమీద నాలుగు వందల యాబదిమందికి పైగా కాపరులు తమ దేవాలయములను, ఇండ్లను, జీతములను విడిచి బయటకు పోయిరి. పోయినవారు ధైర్యవంతులని నేటికిని కీర్తింపబడుచున్నారు. స్టర్లింగుగారు పాత సంఘములోనే నిలిచి, గాల్‌స్టను మందను విడువక కాచిరి. ఈ విషయములో ఎవరిది ఒప్పో తీర్పు చెప్పుట ఈ వ్యాసమునకు పని కాదు.

డండీ యంత్రము దాదాపు నాలుగేండ్లు నడచినది. ఆ కాలములో మూడుసార్లు దాని వేడి సిలిండరు కాలి చెడినది. పోత ఇనుము రాత్రింబగళ్లు ఆ మంటకు ఓర్వలేకపోయెను. సిలిండరు చెడినప్పుడెల్ల పని ఆగును, ఖర్చు పెరుగును. బొగ్గులో మిగిలిన లాభము ఇనుములో పోయెను. 1847 చివర యజమానులు దానిని తీసివేసి మరల ఆవిరినే పెట్టుకొనిరి. అన్నదమ్ములిద్దరి పరిశ్రమ అంతటితో ముగిసెనని లోకము తలంచెను. చిత్రమేమనగా, ఆ 1847లోనే మన ధవళేశ్వరమునొద్ద ఆర్థరు కాటనుగారి ఆనకట్ట పని మొదలైనది. వృథాగా సముద్రములో కలియు నీటిని నిలిపి పొలములకు త్రిప్పుటయే అక్కడి పని. 1852లో అది ముగిసి మన డెల్టా పచ్చబడినది. ఒకరికి పనికి తగిన రాయి, సున్నము, కలప దొరికినవి. మరియొకరికి తగిన లోహము దొరకలేదు.

అయితే పండితులు ఆయనను మరచిపోలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయములో ఈ యంత్రపు చిన్న నమూనా ఒకటి ఉండెను. తరువాత లార్డు కెల్విను అను పేర ప్రఖ్యాతి చెందిన విలియము తామ్సనుగారు యౌవనమున ఆచార్యుడై, ఆ నమూనాను విద్యార్థుల యెదుట నడిపి చూపెను. నిప్పు పెట్టి నడిపినచో పని చేయు ఈ యంత్రమును, నిప్పు లేక చేతితో త్రిప్పినచో ఒక కొన చల్లబడునని ఆయన గ్రహించెను. వేడిని గూర్చిన శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ఆయన ఒకడు. ఆ పునాదుల త్రవ్వకములో ఈ నమూనా కూడ ఒక పనిముట్టు.

స్టర్లింగుగారి కుమారులలో నలుగురు ఇంజనీర్లు, ఒకరు తండ్రివలె సంఘకాపరి. పెద్దవాడు పాట్రికు ఇంగ్లండులో గ్రేటు నార్తరను రైల్వేకు ఎనిమిది అడుగుల చక్రములు గల ఎక్స్‌ప్రెస్ ఇంజన్లను 1870లో కట్టి పేరు పొందెను. జేమ్సు అను కుమారుడును రైలింజన్ల నిపుణుడే. ఇద్దరు దక్షిణ అమెరికాలో రైలు పనికి పోయిరి. తండ్రి ఆవిరిని వద్దన్నవాడు, కుమారులు ఆవిరితోనే కీర్తి గడించిరి! ఇంటిలో భోజనమునొద్ద ఈ మాట వచ్చియుండకపోదు.

1876లో తమ్ముడు జేమ్సు చనిపోయెను. ఆ యేడు ఎనుబది అయిదేండ్ల వృద్ధుడైన రాబర్టుగారు తన యంత్రమును గూర్చి ఒక ఉత్తరము వ్రాసిరి. దానిలో కోపము లేదు, నేరము మోపుట లేదు. అప్పటికి ఇరువది ఏండ్ల క్రిందట హెన్రీ బెస్సిమరు కనిపెట్టిన క్రొత్త పద్ధతిచేత గట్టి ఉక్కు చౌకగా దొరకుచుండెను. అట్టి లోహము తమ దినములలో ఉండినచో తమ యంత్రము జయము పొందియుండునని, ఆ పనిని ముగించుట రాబోవు మరియొక నిపుణుని వంతని ఆయన అభిప్రాయము. రెండేండ్ల తరువాత, 1878 జూను 6వ తేదీన గాల్‌స్టనులోనే ఆయన కన్నుమూసెను. వయస్సు ఎనుబది ఏడు.

ఆయన బ్రతికియుండగానే మరికొందరు ఈ పనిని ఎండ వైపు త్రిప్పిరి. స్వీడను దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన జాను ఎరిక్సను 1872లో అద్దముతో ఎండను ఒకచోట చేర్చి, ఆ వేడితో గాలి యంత్రమును నడిపెను. స్టర్లింగుగారు చనిపోయిన 1878లోనే మన దేశములో, బొంబాయి హైకోర్టులో డిప్యూటీ రిజిస్ట్రారైన విలియము ఆడమ్సు అను ఆయన చిన్న చిన్న అద్దములను వరుసలుగా నిలిపి, వాటి వెలుగునంతయు ఒక బాయిలరుమీద పడజేసి, రెండున్నర గుర్రముల బలముగల పంపును త్రిప్పెను. ఉష్ణ దేశములలో వంటచెరకునకు బదులు సూర్యుని వేడియే చాలునని ఒక పుస్తకము కూడ ప్రకటించెను. బొగ్గు చౌకగా నుండుటచేత ఎవరును దాని జోలికి పోలేదు.

స్టర్లింగుగారి యంత్రము చిన్న చిన్న పనులలో ప్రాణము నిలుపుకొనెను. కరెంటు రాని దినములలో మన దేశపు బంగళాలలో కిరసనాయిలు దీపముతో తిరిగిన పంకాలు కొన్ని ఉండెను. వాటిలోపల ఉన్నది ఈ గాలి యంత్రమే. 1930లు ముగియువేళకు హాలెండులోని ఫిలిప్సు సంస్థవారు, కరెంటు లేని చోట్ల రేడియోలు నడుపుటకై దీనిని మరల చేపట్టిరి. అప్పటికి మంటకు ఓర్చు ఉక్కులు దొరకుచుండెను. గాలికి బదులు హైడ్రోజను, హీలియము వాయువులు వాడబడెను. స్టర్లింగు ఇంజను అను పేరు విస్తారముగా వాడుకలోనికి వచ్చినది కూడ అప్పటినుండియే.

1984లో కాలిఫోర్నియా ఎడారిలో, పెద్ద గొడుగును వెల్లకిల వేసినట్లున్న ఒక అద్దాల పళ్లెము నడుమ ఈ యంత్రమును నిలిపి, ఎండలోని శక్తిలో నూటికి 29.4 పాళ్లు కరెంటుగా మార్చిరి. 2008 జనవరి 31న న్యూమెక్సికోలో శాండియా పరిశోధనాలయమునందు అది 31.25 పాళ్లకు చేరెను. పొడుగాటి తొట్టి అద్దములతో నూనెను కాచి, ఆవిరి పుట్టించి చేయు పెద్ద కేంద్రములలో సంవత్సరము మొత్తముమీద నూటికి పదునైదు పాళ్లకు అటు ఇటుగా మాత్రమే వచ్చుచుండును. ఆ పళ్లెపు యంత్రము అంతగా మించిపోవుటకు కారణములు రెండు. ఒకటి, పళ్లెము ఎండను ఒకే చోట చేర్చుటవలన వేడి 700 డిగ్రీల ప్రాంతమునకు పోవును. నూనె 400 డిగ్రీలు దాటకమునుపే చెడును. రెండవది ఆ తీగెల పెట్టె.

అయినను సత్యము చెప్పవలెను. 2010లో ఆరిజోనాలో అట్టి పళ్లెములు అరువదింటిని పెట్టి ఒక కేంద్రము తెరచిరి. మరుసటి సంవత్సరమే ఆ కంపెనీ దివాలా తీసినది. ఒక్కొక్క పళ్లెమునకు ఒక ఇంజను, ప్రతి ఇంజనుకు కదలు భాగములు, వాటి మరమ్మతు. ఇంతలో ఇంటి కప్పులమీద పెట్టు సౌర పలకల ధర పడిపోయినది. ఆ పలకలు పట్టు భాగము దీనికంటె తక్కువే అయినను, వాటిలో తిరిగెడిది అరిగెడిది ఏదియు లేదు. నూటికి ఎన్ని పాళ్లు అను లెక్కలో గెలిచినది రూపాయి లెక్కలో ఓడుట డండీలో ఒకసారి, ఆరిజోనాలో రెండవసారి. అయితే సౌర పలక ఎండ పోయినంతనే ఆగును. వేడిని మాత్రము కరిగిన ఉప్పులో నిలువచేసి ప్రొద్దుగ్రుంకిన తరువాత వాడుకొనవచ్చును. అందుచేతనే ఎండవేడి మార్గమును ఇంజనీర్లు పూర్తిగా విడిచిపెట్టలేదు.

మన రాష్ట్రములో అనంతపురము ప్రాంతమున నాగలాపురమునొద్ద 2014లో 50 మెగావాట్ల ఎండవేడి విద్యుత్కేంద్రము పని మొదలుపెట్టెను. అది తొట్టి అద్దముల మార్గము, ఆవిరి మార్గము. స్టర్లింగు ఇంజను అక్కడ లేదు. అయినను ఇట్టి ఆవిరి కేంద్రములలో టర్బైను నడుమనుండి కొంత ఆవిరిని తీసి, బాయిలరునకు పోవు చల్లని నీటిని ముందుగా వెచ్చచేయుదురు. పోవు వేడిని వచ్చుదానికి అప్పగించుటయే ఇది. ఆ ఉపాయములేనిచో అదే ఎండకు వచ్చు కరెంటు తగ్గును. అట్టి కేంద్రము కోనసీమలో ఎందుకు పెట్టరాదని అడుగవచ్చును. అద్దములకు సూటిగా పడు తేటయెండ కావలెను. మన గాలిలో సముద్రపు తేమ, మబ్బు ఎక్కువ, పైగా అంత ఖాళీ నేల డెల్టాలో ఎక్కడ? మనకు దేవుడిచ్చినది నేలక్రింది గ్యాసు. 1990లలో విజ్జేశ్వరమునొద్దను జేగురుపాడునొద్దను ఆ గ్యాసుతో నడచుటకు కట్టిన విద్యుత్కేంద్రములలో, మొదటి టర్బైనునుండి వెలువడు వేడి పొగను ఆకాశములోనికి విడువక, దానితో ఆవిరి చేసి రెండవ టర్బైనును త్రిప్పు ఏర్పాటు చేసిరి.

కెల్వినుగారు గమనించిన ఆ తలక్రిందుల నడక సంగతి కూడ చెప్పి ముగించెదను. స్టర్లింగు యంత్రమును మోటారుతో వెనుకకు త్రిప్పినచో మిక్కిలి చలి పుట్టును. ఫిలిప్సువారు 1950లలో ఈ విధముగానే గాలిని నీరువలె చేయు యంత్రములను తయారుచేసిరి. ద్రవ నైట్రోజను అనునది అట్టి యంత్రములనుండియు వచ్చును. దాని చలి సున్నకు క్రింద 196 డిగ్రీలు. మన పశువుల ఆసుపత్రులలో మేలుజాతి ఆబోతుల వీర్యమును చెడకుండ దాచు పొట్టి అల్యూమినియము డబ్బాను మీరు చూచియుందురు. మూత తీసినప్పుడు తెల్లని పొగవలె కనబడునది ఆ నైట్రోజను చలికి గాలిలోని తేమ గడ్డకట్టి ఏర్పడిన మంచే.